పక్క సీటు

నగరిలో పుట్టిన మాకు మరమగ్గాల చప్పుడే జోలపాట. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి లేస్తాం. మా తాత నేతగాడు, మా నాయన నేతగాడు. నాకు మాత్రం చీరలు నేయడం కంటే సీట్లు కుట్టడంలో చెయ్యి తిరిగింది. ఆటో సీట్లు, మోటారు బండి సీట్లు, కల్యాణమండపం సోఫాలు, ఒకసారి పళ్ళ డాక్టరు కుర్చీ కూడా కుట్టాను. బస్టాండు వెనక సందులో నా అంగడి. రెగ్జిన్ వాసన పీల్చీ పీల్చీ నాకు మల్లెపూలకీ బంకకీ తేడా తెలియకుండా పోయిందని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

మా ఆయన పేరు దయానంద్. గుండ్లకోన డ్యామ్ దగ్గర ఉన్న రిసార్టులో బోటు నడుపుతాడు. పిల్లాజెల్లాతో వచ్చినవాళ్ళని ఎక్కించుకుని నీళ్ళ మీద ఒక చుట్టు తిప్పి తెచ్చి దించడం పని. మాకు ఒక్కతే కూతురు, తేజస్విని. ఇంటర్ చదువుతోంది. దానికి తండ్రి పోలికలో తక్కువ మాటలు, నా పోలికలో ఎక్కువ అనుమానాలు వచ్చాయి.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ మాట పుట్టించినవాడు అనుమానాన్ని బాగా ఎరిగినవాడే. భూతం సంగతి మటుకు వాడికి అంతగా తెలిసి ఉండదు.

నాకు అనుమానం మొదలైంది చొక్కా దగ్గర. బోటు నడిపేవాడి చొక్కా తడవదా అంటారేమో. తడుస్తుంది, కానీ రెండు వైపులా తడుస్తుంది. ఈయనది ఎడమ చెయ్యి ఒక్కటే తడిసి వచ్చేది. భుజం నుంచి మోచేతి దాకా, ఎవరో తలస్నానం చేసి జుట్టు ఆరకుండానే తల ఆనించి కూర్చున్నట్టు. ఆ తడికి సీకాయ వాసన. ఒకరోజు గుండీకి చుట్టుకుని ఒక వెంట్రుక కూడా దొరికింది. నా జుట్టు నడుము దాటదు. దాన్ని నెత్తి దగ్గర పట్టుకుని లేచి నిలబడితే నా మోకాళ్ళ దాకా వేలాడింది.

మొగుడి చొక్కా ఉతికే ఆడదానికి వేరే గూఢచారులు అక్కర్లేదు. ఆ రోజే కంచం ముందు కూర్చోబెట్టి అడిగేశాను.

"ఎవురది?"

"ఎవురు?"

"నీ పక్క సీట్లో కూచునేది."

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "ఆ సీట్లో ఎవుర్నీ కూచోబెట్టనుమే," అన్నాడు. "అది ఖాళీగానే ఉంటాది." చెప్పేటప్పుడు నా మొహంలోకి చూడలేదు.

ఎండాకాలం సెలవులు దగ్గర పడ్డాయి. జనం వచ్చేలోపు, ఒడ్డుకు లాగి ఉంచిన బోటును కడిగి, పాలిష్ పెట్టి, సీట్లకు కొత్త రెగ్జిన్ వేయాలని రిసార్టువాళ్ళు అనుకుంటున్నారని నాకు తెలిసింది. చెప్పింది మా ఆయన కాదు, రెగ్జిన్ అమ్మే కొట్టు మనిషి. ఇంట్లో సీట్లు కుట్టే పెండ్లాన్ని పెట్టుకుని మాట మాత్రం చెప్పలేదేమని నిలదీశాను.

"పుత్తూరు మనిషికి చెప్పినారు. నీకెందుకులే ఆ బూజు పని."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. మర్నాడే బస్సెక్కి పోయి మేనేజరుతో మాట్లాడి ఆ పని నేను ఒప్పుకుని వచ్చాను. తెలిసి ఆయన కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. మొహం మాత్రం పాలిపోయింది.

"సరే. అన్నీ కుట్టు. పక్క సీటు మటుకు విప్పద్దు. పైపైన తుడిచి వదిలేయ్," అన్నాడు.

విప్పకుండా ఉంటానా? ఆ పని ఒప్పుకున్నదే దానికోసం. ఆ సీట్లో ఎవతి కూర్చుంటోందో తెలుసుకోవాలి, నా మనిషిని నేను ఇంటికి తెచ్చుకోవాలి. పందొమ్మిదేళ్ళ కాపురం. ఆయన నా మొహంలోకి చూసి నవ్వి ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే దుఃఖం వచ్చేది.

డ్యామ్ ఒడ్డున రేకుల షెడ్డు. అందులో ఇనుప బండి మీద బోటు, దాని మీద నీలం పట్టా. షెడ్డుకు కాపలా గంగులప్ప అనే పెద్దాయన. వాకిట్లో స్టూలు వేసుకుని ఆకూవక్కా నములుతూ కూర్చుంటాడు. ఆ రోజు ఎండ లేదు. కొండల మీద మబ్బు దిగి, గాలి ఆగిపోయి ఉంది.

పొద్దున్నంతా నేనూ మా ఆయనా కలిసి బోటు బయటి వైపు శుభ్రం చేశాం. అది ఫైబర్ బోటు. నీటి మట్టం దాకా మునిగిన చోట బకెట్టుకు పట్టినట్టు పచ్చటి చార పట్టి ఉంది. పీచు పెట్టి గట్టిగా రుద్దితే గీతలు పడతాయి. అందుకే సబ్బునీళ్ళతో, మెత్తటి కుంచెతో పాచి వదలగొట్టి, గుడ్డకు పాలిష్ కాంపౌండ్ రాసి గుండ్రంగా గుండ్రంగా తిప్పుతూ రుద్దాం. ఆరాక వాక్స్ పెట్టాం. వాక్స్ నీడలోనే పెట్టాలి, ఎండలో పెడితే మరకలై కూర్చుంటుంది. తెల్లటి ఫైబరులో మా ఇద్దరి నీడలూ తేలాయి. చాన్నాళ్ళకి ఆయన పక్కన నిలబడి పనిచేయడం హాయిగా అనిపించింది. ఆ హాయిలో పడి వచ్చిన పని మరిచిపోకూడదని నన్ను నేనే గిల్లుకున్నాను.

ఒకటి గమనించాను. గుడ్డ తీసుకోవడానికి ఆయన బోటులోకి ఎక్కి డ్రైవర్ సీటు దాకా వెళ్ళాడు. పక్క సీటు దాటేటప్పుడు ఒళ్ళు ఒదిగించుకుని, పక్కకు తిరిగి నడిచాడు. బస్సులో కిటికీ వైపు పోయేటప్పుడు కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు తగలకుండా పోతామే, అట్లా. ఆ సీట్లో ఎవరూ లేరు.

మధ్యాహ్నం దాటాక తొక్కుడు పడవ ఒకటి నీళ్ళ మధ్యలో ఆగిపోయిందని ఆయన్ని పిలిచారు. "ఇప్పుడే వస్తా. ఆ సీటు జోలికి పోవద్దు," అని మళ్ళీ చెప్పి వెళ్ళాడు. ఒక మాట రెండుసార్లు చెప్పే మనిషి కాదు.

నేను పట్టా కిందికి దూరాను.

లోపల నీలంగా, మసకగా ఉంది. ఉడుకు. వాక్స్ వాసన, పాత రెగ్జిన్ వాసన, ఎక్కడో అడుగున నిలవనీళ్ళ వాసన. వెనక సీట్లు నేను అనుకున్నట్టే ఉన్నాయి. ఎండకు బీటలు వారి, కుట్లలో నల్లటి బూజు పట్టి, పైన వేలితో రాస్తే పేరు కనబడేంత దుమ్ము. వాటిని విప్పి, చెక్కలు తుడిచి, కొత్త స్పాంజి పెట్టి, రెగ్జిన్ లాగి గన్నుతో పిన్నులు కొట్టాను. అలవాటైన పని, తొందరగానే అయింది.

పక్క సీటు దగ్గరికి వచ్చాను.

దుమ్ము లేదు. బీట లేదు. బోటును నీళ్ళలోంచి లాగి నెల పైనే అయింది, అయినా రెగ్జిన్ మెత్తగా, నిగనిగలాడుతూ ఉంది. రోజూ వాడే వస్తువుకు ఉండే నిగనిగ అది. నడిమధ్యన కాస్త పల్లంగా ఉంది. చెయ్యి పెట్టాను. ఆ ఉడుకులో కూడా చల్లగా తగిలింది. పొడిగుడ్డతో తుడిచాను. గుడ్డ తడిసింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ తడిసింది. అరచేత్తో గట్టిగా అదిమితే కుట్లలోంచి నీళ్ళు ఊరి నా వేళ్ళ మధ్యకు వచ్చాయి. సీకాయ వాసన.

నాకు భయం వేయలేదు. ఒళ్ళు మండిపోయింది. షెడ్డులో దాచిన బోటులో కూడా కూర్చుని సరసాలాడుతున్నారన్నమాట! కత్తెర తీసుకున్నాను.

పట్టా అంచు ఎత్తి గంగులప్ప తొంగిచూశాడు. నా చేతిలో కత్తెర చూసి నమలడం ఆపేశాడు.

"ఆ సీటు విప్పద్దమ్మా."

"ఎందుకు పెద్దాయనా? ఎవురు కూచుంటారు దీంట్లో? నువ్వు దినామూ ఈడే ఉంటావు గదా, నీకు తెలీదా?"

"పోయిన నెల పుత్తూరాయన వచ్చినాడు. సగం విప్పి దిగిపోయినాడు. గన్నూ కత్తెరా ఈడనే వదిలేసి పోయినాడు. వాటికోసరం కూడా మల్లా రాలేదు." అంతే చెప్పి పట్టా వదిలేశాడు. ఆయన చెప్పులు దూరంగా వెళ్తున్న చప్పుడు వినిపించింది.

పనిముట్లు వదిలేసి పోయే పనివాడు ఉండడు. అన్నం తినే కంచం వదిలేసి పోయినట్టే అది. ఆ మాట నా లోపల ఎక్కడో గుచ్చుకుంది. కానీ అప్పటికే కత్తెర మొదటి కుట్టు తెంపింది.

తెగింది దారం కాదు. వెంట్రుకలు. నాలుగైదు కలిపి పేని, సన్నగా, దగ్గరదగ్గరగా కుట్టిన కుట్టు. పనితనం చూస్తే నాకే ముచ్చట వేసింది. చుట్టూ తెంపి రెగ్జిన్ పైకి లేపాను. ముడి కోసం వెతికాను. సీటును మూసే ఆఖరి కుట్టు ముడి ఎప్పుడూ బయటి వైపే పడుతుంది. కుట్టేవాళ్ళు బయట ఉంటారు కాబట్టి వేరే దారి లేదు.

ఆ ముడి లోపల ఉంది.

రెగ్జిన్ కింద, స్పాంజి వైపు, చక్కగా రెండు చుట్లు వేసి బిగించి ఉంది.

దాన్ని వేలితో తడిమి చూశాను. ఏదో ఒక ఉపాయం ఉండి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఎవతో గడుసుది నన్ను ఏడిపించడానికే చేసి ఉంటుందనుకున్నాను. బయట వెలుతురు తగ్గుతోంది. రేపు బోటు నీళ్ళలోకి దిగాలి. పాత స్పాంజి తీసి బయటికి విసిరితే అది తడిబట్టల మూటలా నేలమీద పడింది. కొత్త స్పాంజి పెట్టాను.

ఇక్కడ మా నేతవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. మగ్గం మీద బట్ట అయిపోయాక పాత పోగులన్నీ కోసి పారేయరు. కొసలు కాస్త వదిలి, కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా వాటికి అతికిస్తారు. మగ్గం ఏ పూటా ఉత్తిగా ఉండకూడదు, పాతదాని చెయ్యి పట్టుకునే కొత్తది రావాలి అనేవాడు మా నాయన. ఆ పట్టింపు నాకు సీట్ల పనిలోనూ అంటుకుంది. ఏ సీటు కుట్టినా పాత తొడుగులోంచి వేలెడు అంచు ఉంచి, కొత్త రెగ్జిన్ దానికే కలిపి కుడతాను. కనబడదు, కింద ఉండిపోతుంది. ఇన్నేళ్ళలో ఒక్క సీటుకు కూడా తప్పలేదు.

దీనికి తప్పాల్సింది. చెయ్యి ఆగలేదు. అలవాటుగా పాత అంచు ఉంచేశాను.

అక్కడితో ఆగినా సరిపోయేది. నా కడుపుమంట ఊరుకోలేదు. ఎవతి వచ్చి కూర్చున్నా నా చీర మీదే కూర్చోవాలి, ఆయన పెండ్లాం ఎవరో దానికి తెలియాలి అనిపించింది. కట్టుకున్న ఆకుపచ్చ చీర కొంగు చివర బెత్తెడు పేలిక కత్తిరించాను. పాత అంచుకీ కొత్త రెగ్జినుకీ మధ్యన పెట్టి, మూడూ కలిపి గట్టిగా కుట్టేశాను. అతికిన పోగు వెంట ఇటునుంచి అటు పోవచ్చు, అటునుంచి ఇటూ రావచ్చు. నేతగాడి కూతుర్ని, ఆ మాత్రం తెలియనిదాన్ని కాదు. ఆ ఉక్రోషంలో తట్టలేదు.

ఇక మిగిలింది వీపు ఆనుకునే దిండుకు గుండీలు. ఈ పని ఇద్దరిది. ఒకరు ముందు నుంచి పొడుగాటి సూది గుచ్చితే, వెనకున్న మనిషి అందుకుని, లాగి, మళ్ళీ ఇటు గుచ్చాలి. ఒక్కరే అయితే ప్రతి కుట్టుకూ చెయ్యి వెనక్కి పెట్టి తడుముకోవాలి. మసకలో మొదటి సూది గుచ్చాను. చెయ్యి వెనక్కి పోనిచ్చేలోపే సూది మొన ఇటు వచ్చింది.

"వచ్చినావా?" అన్నాను. మా ఆయన ఎప్పుడో వచ్చి వెనక కూర్చున్నాడనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఇట్లాగే నా అంగట్లో వెనక కూర్చుని సూది అందించేవాడు.

జవాబు లేదు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

మళ్ళీ గుచ్చాను. మళ్ళీ వచ్చింది. సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడే. గుచ్చడం, రావడం. గుచ్చడం, రావడం. చాలా బాగా కుదిరింది. నా కోపం కూడా కాస్త మెత్తబడింది.

"నేనేమీ రచ్చ చేయనులే," అన్నాను మెల్లగా. "ఎవురో చెప్పు. నువ్వు ఇంటికి వస్తే చాలు నాకు."

వెనక నుంచి గుసగుసగా వినిపించింది.

"ఇంగ కొంచిం బిగించు..."

బిగించాను. అప్పుడు బయట, చాలా దూరంగా, నీళ్ళ అంచు నుంచి మా ఆయన గొంతు వినపడింది. తాడు అందుకోమని ఎవరినో అరుస్తున్నాడు.

నా చేతులు ఆగిపోయాయి.

సూది సగం దిండులో ఉంది. సగం నా వేళ్ళలో ఉంది. నేను కదపలేదు... అది కదిలింది. మెల్లగా, మర్యాదగా, నా వేళ్ళలోంచి జారి లోపలికి వెళ్ళింది. దారం నా ఒళ్ళో నుంచి కొంచెం కొంచెంగా దిండులోకి పోతోంది. సర్ర్... సర్ర్... ఆగింది. సూది మొన ఇటు వచ్చింది. నేను అందుకోవాలని ఎదురుచూస్తూ అట్లాగే నిలబడింది.

దిండు వెనక ఎంత చోటుందో అప్పుడు చూశాను. అరచెయ్యి పట్టేంత సందు. అంతే. దాని అవతల ఫైబర్ గోడ. సందులో చీకటి... అడుగున నీళ్ళు కదిలిన చప్పుడు.

ఇంతసేపూ నేను మాట్లాడింది ఎవరితో?

నా పక్కన కొత్త రెగ్జిన్ కిర్రుమంది. తన బరువు తెలియనీకుండా ఎవరో మెల్లగా కూర్చున్నట్టు. అటు తిరగలేదు. తిరిగితే చూడాల్సి వస్తుంది. నా ఎడమ భుజం మీద చల్లగా, తడిగా... ఒక తల ఆనింది.

పట్టా ఎట్లా ఎత్తానో, బోటు మీద నుంచి ఎట్లా దూకానో తెలియదు. మోకాలు చీరుకుపోయింది. ఒడ్డున మా ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. నా ఎడమ భుజం మీద తడి చూశాడు. ఏమయిందని అడగలేదు.

"ఎవురామె?" అన్నాను.

"విప్పద్దంటే వింటివి కాదు," అన్నాడు. "నాకూ తెలీదు లక్ష్మీ. ఏమీ అడగదు, ఏమీ అనదు. కూచుంటాది. అంతే."

"ఈ పని మానెయ్యి. ఈ దినమే."

"సెలవులు కానీ. మానేస్తా." ఒట్టు వేయించుకున్నాను.

మర్నాడు బోటు నీళ్ళలోకి దిగింది. గుండీల కుట్టుకు నేను ఆఖరి ముడి వేయకుండానే పారిపోయాను. సీటు ఊడిపోయి ఉంటుందనుకున్నాను. "ఎంత గట్టిగా కుట్టినావుమే!" అని ఆయన సాయంత్రం మెచ్చుకున్నాడు. చొక్కా చేయి తడిమి చూశాను. పొడిగా ఉంది. వెంట్రుక లేదు, వాసన లేదు.

ఆ వారమంతా ఆయన వేరే మనిషి. నవ్వుతూ వచ్చేవాడు. కూనిరాగాలు తీసేవాడు. పీడ వదిలిందని నేను అమ్మవారికి నిమ్మకాయల దండ వేసి వచ్చాను. ఒక్కటే చికాకు. ఉతికి తీగ మీద వేసిన ఆకుపచ్చ చీర తెగిన కొంగు దగ్గర ఎన్ని పూటలైనా ఆరలేదు. తేజస్విని దాన్ని పట్టుకుని చూసి, నా వైపు చూసి లోపలికి పోయింది. ఆ చీర మడిచి పెట్టెలో అడుగున పెట్టేశాను.

ఒక సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ ఆయన అన్నాడు, "పొద్దంతా ఎండలో నా పక్కనే కూచోనుంటివి. తల నొయ్యలేదా?"

ఎగతాళి అనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు చూసి ఆయన మొహంలో ఏదో మారింది. మోసపోయినవాడు బేరం మళ్ళీ సరిచూసుకున్నట్టు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. నెలల తరబడి నేను ఆయన్ని చూసిన చూపే అది.

మరుసటి రోజు దీపాలు పెట్టే వేళకు బండి చప్పుడైంది. వాకిట్లోకి వచ్చాను. ఆయన బండి దిగలేదు, ఇంజను ఆపలేదు. గేటు దీపం ఆయన మొహం మీద పడుతోంది. బండి వెనక భాగం గోడ చాటున చీకట్లో ఉంది.

"లోపలికి రావా?" అన్నాను.

నన్ను చూసి వణికాడు. నా మనిషి, నన్ను చూసి!

"ఎవురు నువ్వు?" అన్నాడు గొంతు తగ్గించి. "నా ఇంట్లో ఏం చేస్తాండావు?"

"ఏమయ్యా, నేను..."

గోడ చాటు నుంచి ఒక ఆడగొంతు అంది, "పోదాం పా. దాంతో మాటలొద్దు."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఫోనులో రికార్డు చేసి వింటే మన గొంతు మనకు కాస్త పరాయిగా ఉంటుంది కదా, అట్లా ఉంది. బండి తిరిగింది. నేను గేటు దాకా పరిగెత్తేసరికి వీధి మలుపు దాటేసింది. ట్యూషన్ నుంచి వస్తున్న తేజస్విని మలుపు దగ్గర పుస్తకాల సంచితో నిలబడిపోయి ఉంది. బండి వెళ్ళిన వైపు చూసింది. నన్ను చూసింది. మళ్ళీ అటు చూసింది.

"అమ్మా... ఇప్పుడే గదా బండి మీద పోతా నాకు చెయ్యి ఊపినావు?"

రాత్రి తేజస్వినికి ఆ సీటు సంగతంతా చెప్పి, తెల్లవారగానే నేను గుండ్లకోన పోయాను. షెడ్డు ముందు గంగులప్ప నన్ను చూసి స్టూలు మీద నుంచి లేచి రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరిద్దరూ ఇప్పుడే గదమ్మా బోటెక్కి పోతిరి," అన్నాడు.

డ్యామ్ నడిమధ్యలో తెల్లగా మెరుస్తోంది మేము పాలిష్ పెట్టిన బోటు. స్టీరింగ్ దగ్గర మా ఆయన. పక్క సీట్లో ఆకుపచ్చ చీర. గొంతు చించుకుని పిలిచాను. ఆయన తిరిగి చూశాడు. పక్కనున్నది కూడా తిరిగింది. అంత దూరం నుంచి మొహం ఆనలేదు, కానీ తల వంచి ఆయన ఎడమ భుజానికి ఆనించడం కనిపించింది. నేను కూడా అట్లాగే ఆనిస్తాను, ఎప్పుడైనా. బోటు వేగం పెంచి కొండ మలుపు తిరిగిపోయింది. సాయంత్రం దాకా ఒడ్డున కూర్చున్నాను. వెనక్కి రాలేదు. వెతకడానికి ఎవరూ పోలేదు, ఎందుకంటే నన్ను తప్ప మిగిలిన అందరికీ వాళ్ళు కనబడుతూనే ఉన్నారట. అదుగో అంటారు, ఇదుగో అంటారు. మొగుడూ పెండ్లాం హాయిగా తిరుగుతున్నారు, మధ్యలో నీకేంటి అన్నట్టు నా వైపు చూస్తారు.

ఇంటికి వచ్చాను. వస్తూ ఒకే మాట పట్టుకున్నాను. మనిషి పోయినా బిడ్డ ఉంది. బిడ్డను పోగొట్టుకోకూడదు.

తేజస్విని గడప అవతల నిలబడి ఉంది. నన్ను లోపలికి రానివ్వలేదు. ఏడ్చి ఏడ్చి దాని కళ్ళు వాచిపోయాయి, అయినా గొంతు గట్టిగా పెట్టుకుంది.

"నేను యాడ పుట్టినాను?"

"పలమనేరులో. మీ చిన్నమ్మమ్మ ఇంట్లో. ఆ రాత్రి కరెంటు లేదు."

"చిన్నప్పుడు నేను దేనికి బయపడేదాన్ని?"

"నూలు చుట్టే మిషన్‌కి. దాని మీద గుడ్డ కప్పితేగానీ అన్నం తినేదానివి కాదు."

"నాయన నిన్ను ఏమని పిలుస్తాడు, ఎవురూ లేనప్పుడు?"

చెప్పాను. సిగ్గుపడుతూనే చెప్పాను. దాని మొహం కొంచెం వదులైంది. గడప మీదికి ఒక కాలు వేసింది. నేను చేతులు చాచాను. అది ఆగింది. నా పోలికే కదా, చివరి అనుమానం ఒకటి మిగుల్చుకుంది.

"ఆ డ్యామ్ అడుగున ఏముండాది?"

నాకు ఈత రాదు. ఆ నీళ్ళలో చీలమండ దాకా కూడా ఎన్నడూ దిగలేదు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను.

"ఒక వీధి ఉండాది," అన్నాను. "ఇండ్లకు కప్పుల్లేవు. మూలింటి అరుగు మీద బురద మెత్తగా ఉంటాది, చల్లగా ఉంటాది. ఆడ కూచోని తలెత్తి సూస్తే... పైన బోట్లు పోయేది కనబడతాది."

ఎట్లా చెప్పానో తెలియదు. చెబుతున్నంతసేపూ ఆ అరుగు నా కళ్ళ ముందు ఉంది. ఎక్కడ కూర్చోవాలో కూడా తెలుసు. ఇది నేనేనమ్మా, నేనే, అని అరవాలనుకున్నాను.

తేజస్విని మెల్లగా కాలు వెనక్కి తీసుకుంది. తలుపు వేసి గొళ్ళెం పెట్టింది. తలుపు సందుకు నోరు ఆనించి, పక్కింటికి వినపడకుండా బతిమాలుతున్నట్టు అడిగింది.

"మా అమ్మను యాడ వదిలిపెట్టినావు?"